దావా గుమ్మంలోనే ఆగిపోవచ్చు!

కోర్టు కాగితం ఇంటికొచ్చిందంటే పదేళ్ళు తిరగాల్సిందేనని మనలో చాలామంది భయం. అడిగే హక్కే లేని దావాను మొదటి మెట్టు మీదే ఆపడానికి చట్టంలో ఓ దారి ఉంది. కాకపోతే అది రెండు వైపులా పదునున్న కత్తి. సరిగ్గా రాయించుకోకపోతే ఆడపడుచు వేసిన ఆస్తి దావా కూడా దాని కింద తెగిపోవచ్చు.

ఒక టీచరమ్మ ఉన్నారనుకోండి. గోదావరి ఒడ్డున ఓ చిన్న టౌను. ముప్పై ఏళ్ళు సర్వీసు చేసి రిటైరయ్యారు. భర్త పోయి ఆరేళ్ళయింది. ఆయన కొని పెట్టిన రెండు వందల గజాల స్థలం ఒకటుంది. అమ్మాయికి సంబంధం కుదిరింది. స్థలం అమ్మేసి పెళ్ళి చేద్దామనుకున్నారు. బేరమూ కుదిరింది. ఇంకో పది రోజుల్లో రిజిస్ట్రేషన్ అనగా గుమ్మంలోకి కోర్టు అమీనా వచ్చాడు, చేతిలో సమన్లతో.

దావా వేసింది పక్క స్థలం వాళ్ళబ్బాయి. ''1999లో ఈవిడ భర్త ఈ స్థలాన్ని మా నాన్నకు అమ్ముతానని నోటిమాటగా ఒప్పుకున్నారు. ఇరవై వేలు అడ్వాన్సు తీసుకున్నారు. కాబట్టి మాకే రిజిస్టర్ చేయించండి'' అని అందులో ఉంది. అగ్రిమెంటు లేదు, రశీదు లేదు.

ఆ సాయంత్రమే కొనుక్కునే ఆయన ఫోన్ చేశాడు. ''కోర్టు గొడవున్న స్థలం మాకొద్దమ్మా, బయానా తిరిగిచ్చెయ్యండి'' అన్నాడు. అతన్ని తప్పు పట్టలేం. దావా నడుస్తుండగా కొన్నవాళ్ళు ఆ దావా ఫలితానికి కట్టుబడాల్సిందే. మర్నాడు మధ్యవర్తి ఒకాయన వచ్చి, ''ఎందుకమ్మా మీకీ తిప్పలు? ఓ మూడు లక్షలు మనవి కావనుకుంటే దావా వెనక్కి తీసుకుంటారు'' అని చెవిలో ఊదాడు.

టీచరమ్మది మేం అల్లిన కథే. కానీ చదువుతుంటే మీకు తెలిసిన వాళ్ళెవరో గుర్తొచ్చారు కదూ? ఆస్తి అమ్ముకునే వేళ చూసి దావా పడేయడం, రాజీ పేరుతో ఎంతో కొంత రాబట్టుకోవడం మన ఊళ్ళకు కొత్తేమీ కాదు. అందులోనూ మగదిక్కు లేని ఇల్లని తెలిస్తే మరీ అలుసు. అలాంటి దావా వేసేవాడికి గెలవాలన్న తొందరేమీ ఉండదు. దావా ఫైలులో ఉంటే చాలు, అతని పని అవుతూనే ఉంటుంది.

పోనీ ఉత్తుత్తి దావా అని తేలితే జరిమానా పడదా అంటారా? మామూలు సివిల్ దావాల్లో అబద్ధపు క్లెయిముకి నష్టపరిహారపు ఖర్చులుగా చట్టం అనుమతించే గరిష్ఠ మొత్తం మూడు వేల రూపాయలు! మూడు వేలకు భయపడేదెవరు? అందుకే అసలు మందు జరిమానాలో లేదు. దావాను మొదట్లోనే ఆపడంలో ఉంది.

మామిడిచెట్టు న్యాయం

ఆ మందు పేరు ఆర్డర్ 7, రూల్ 11. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఉంది. దావా వేసేవాళ్ళు కోర్టుకిచ్చే మొదటి కాగితాన్ని ప్లెయింటు అంటారు. మన వాడుకలో దావా పత్రం. అందులో 'వ్యాజ్య కారణం' కనిపించకపోతే కోర్టు దాన్ని తిరస్కరించాలని ఈ రూలు చెబుతోంది. తిరస్కరించవచ్చు అని కాదు, తిరస్కరించాలి అనే ఉంది.

వ్యాజ్య కారణమంటే ఏమిటి? పేరు పెద్దదే గానీ విషయం చిన్నదే. పక్కింటావిడ వచ్చి, ''మీ పెరట్లో మామిడికాయలన్నీ మీరే కోసేసుకున్నారు, నాకు ఒక్కటీ ఇవ్వలేదు'' అందనుకోండి. ఆవిడ చెప్పిందంతా నిజమే. కాయలు మీరే కోసుకున్నారు, ఇవ్వలేదు. ఆవిడ మనసు నొచ్చుకున్న మాటా నిజమే. కానీ చెట్టు మీది. అడిగే హక్కు ఆవిడకెక్కడిది? అదే ఆవిడ, ''ఈ చెట్టు మన రెండిళ్ళ మధ్య ఉమ్మడి జాగాలో ఉంది, కాయల్లో సగం నావి'' అందనుకోండి. అప్పుడు విచారించాల్సిన విషయం ఒకటి పుట్టింది. నిజమో అబద్ధమో సాక్ష్యంలో తేలుతుంది.

కోర్టు చూసేదీ ఇదే. దావాలో రాసినవన్నీ నిజమేననుకుని మొదలుపెడుతుంది. నిజమే అయినా, వాదికి అడిగే హక్కు పుట్టిందా, ఆ హక్కుకు భంగం కలిగిందా అని చూస్తుంది. లేదని తేలితే సాక్షులూ విచారణా ఏమీ లేకుండానే కథ ముగుస్తుంది.

వ్యాజ్య కారణం లేకపోవడమొక్కటే కాదు. దావా విలువ తక్కువ చూపించి, సరిచేయమని కోర్టు గడువిచ్చినా సరిచేయకపోతే తిరస్కరించవచ్చు. చాలినంత స్టాంపు కట్టమన్నా కట్టకపోతే కూడా అంతే. ఇక ఆస్తి తగాదాల్లో ఎక్కువగా పనికొచ్చేది నాలుగోది. ఏదైనా చట్టం ఆ దావాకు అడ్డొస్తోందని దావాలోని రాతలే చెబుతుంటే అప్పుడూ తిరస్కరించాలి. కాలపరిమితి చట్టం ఈ అడ్డాల్లో ముఖ్యమైనది.

తెలివైన రాతలు

''అయితే లాయరు తెలివిగా రాస్తే సరిపోతుందిగా?'' అని మీకు అనుమానం రావచ్చు. నిజమే. 'గత నెల అడిగితే ఇవ్వనన్నారు, కనుక గత నెలలో వ్యాజ్య కారణం పుట్టింది' అని ఒక్క వాక్యం చేరిస్తే పాతికేళ్ళ నాటి తగువు కూడా నిన్నటిదై కూర్చుంటుంది.

దీనికి 1977లోనే సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. బెంగళూరులో అద్దెకున్న ఒకాయన మీద ఖాళీ చేయమని తీర్పు వచ్చింది. ఆ తీర్పే మోసంతో వచ్చిందంటూ అతని కొడుకు మళ్ళీ కొత్త దావా వేశాడు. జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ ఆ తీరును గట్టిగా ఖండించారు. దావాను పైపైన కాదు, అర్థం తెలిసేలా చదవాలన్నారు. తెలివైన రాతతో వ్యాజ్య కారణం ఉన్నట్టు భ్రమ పుట్టిస్తే, కోర్టు దాన్ని మొగ్గలోనే తుంచాలని చెప్పారు. నేటికీ ఏ కోర్టులో ఈ అర్జీ వేసినా లాయర్లు మొదట ఎత్తేది ఆ తీర్పే.

2020 జులైలో సుప్రీంకోర్టు తేల్చిన సూరత్ భూమి కేసయితే అమ్ముకునే ప్రతివాళ్ళూ తెలుసుకోవాల్సింది. 2009లో ఒక కుటుంబం కోటీ డెబ్భై నాలుగు లక్షల చిల్లరకు పొలం అమ్మి రిజిస్టర్ చేసింది. సొమ్ము 36 చెక్కుల్లో ముట్టిందని దస్తావేజులో రాసుకున్నారు. అయిదేళ్ళు గడిచాక, 2014 డిసెంబరులో, మాకు నలభై వేలే ముట్టాయి, రిజిస్ట్రేషన్ రద్దు చేయండని దావా వేశారు. కోర్టు దావాను మొదట్లోనే తిరస్కరించింది. సుప్రీంకోర్టు దాకా అదే నిలిచింది. ఎందుకని? డబ్బు పూర్తిగా రాకపోతే ఆ డబ్బు కోసం దావా వేసుకోవచ్చు, అంతేగానీ రిజిస్టరైన అమ్మకం రద్దు కాదంది కోర్టు. పైగా రద్దు కోరడానికి విషయం తెలిసిన మూడేళ్ళే గడువు. చెక్కులు రాని సంగతి వాళ్ళకు 2009లోనే తెలుసు.

గమనించారా? చెక్కులు మారకముందే 'సొమ్ము యావత్తూ ముట్టింది' అని సంతకం చేస్తే ఎంత ముప్పో! అన్నయ్యే కదా, బావగారే కదా అని మొహమాటపడి సంతకాలు పెట్టే అలవాటు మనకు ఎక్కువ. బంధుత్వం బంధుత్వమే, బ్యాంకు పాస్‌బుక్కు పాస్‌బుక్కే.

అంతకు ముందు ఏడాది, 2019లో, మరో కేసు. 1981లో తానే రాసిచ్చిన గిఫ్టు డీడు చెల్లదంటూ ఒకాయన 2003లో దావా వేశారు. ఇరవై రెండేళ్ళ తర్వాత తీరిగ్గా వేసిన దావా అది. దాన్నీ సుప్రీంకోర్టు గుమ్మంలోనే ఆపింది.

జవాబు చూడరు!

ఇక్కడే అందరూ పొరబడే మాటొకటుంది. ఈ అర్జీ విచారించేటప్పుడు కోర్టు ప్రతివాది జవాబును చూడదు. ప్రతివాది తెచ్చిన కాగితాలనూ చూడదు. దావా పత్రం, దానితో పాటు వాది దాఖలు చేసిన కాగితాలు, అంతవరకే. 2002లో సుప్రీంకోర్టు ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. ''నా దగ్గర ఒరిజినల్ డాక్యుమెంట్లున్నాయి, ఈసీ ఉంది, పన్ను రశీదులున్నాయి'' అని మీరెంత మొత్తుకున్నా, అవన్నీ తర్వాతి విచారణకే. ఇదే తగువు ఇదివరకే ఒకసారి తేలిపోయిందన్న వాదన కూడా పాత కేసు కాగితాలన్నీ చూస్తే గాని తేలదు కనుక, మామూలుగా ఈ దశలో పనికిరాదని 2021లో చెప్పారు.

అంటే దావాకు బలమైనా, బలహీనతైనా వాది రాసిన రాతలోనే ఉంటుంది. ప్రతివాదిగా ఉన్న ఆడవాళ్ళకు ఇది ఆయుధం. వాదిగా ఉన్న ఆడవాళ్ళకు ఇది హెచ్చరిక.

ఆడపడుచు దావా వేస్తే...

ఇప్పుడు నాణేన్ని తిప్పి చూద్దాం. పుట్టింట్లో వాటా కోసం కూతురు దావా వేసింది. వెంటనే అన్నదమ్ముల లాయరు ఆర్డర్ 7 రూల్ 11 అర్జీ పడేస్తాడు. ఆ అర్జీ ముందు నిలబడేలా దావా రాయించుకున్నామా లేదా అన్నదే ప్రశ్న.

హక్కుల సంగతి ఒక్కసారి గుర్తు చేసుకుందాం. హిందూ కుటుంబాల్లో వీలునామా రాయకుండా పోయిన తండ్రి స్వార్జితంలో 1956 నుంచీ కూతురికి కొడుకుతో సమాన వాటా ఉంది. పిత్రార్జితంలో పుట్టుకతో హక్కును ఆంధ్రప్రదేశ్ దేశంలో అందరికంటే ముందుగా 1985 సెప్టెంబర్ 5 నుంచి ఇచ్చింది. అయితే అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకే. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర చట్టం పెళ్ళయినా కాకపోయినా కూతుళ్ళందరికీ ఆ హక్కునిచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇంతవరకూ బాగుంది. కానీ 2004 డిసెంబర్ 20కి ముందే జరిగిపోయిన అమ్మకాలనూ, రిజిస్టరైన లేదా కోర్టు డిక్రీతో అయిన పంపకాలనూ ఆ చట్టం కదిలించదు. 'మా అన్నలు 1998లో ఆ పొలం అమ్మేశారు, 2005 చట్టం ప్రకారం నా వాటా ఇప్పించండి' అని రాసి ఊరుకుంటే మన రాతే మన గొంతు పట్టుకుంటుంది. అలాగే, తండ్రి బతికుండగా ఆయన స్వార్జితంలో వాటా కావాలని దావా వేస్తే అడిగే హక్కే ఇంకా పుట్టలేదు. తండ్రి మీద ఎంత కోపమున్నా అది వ్యాజ్య కారణం కాదు.

మరో చిక్కు, పెళ్ళప్పుడో ఆ తర్వాతో 'నాకు రావలసింది ముట్టింది' అని పెట్టిన సంతకం. అలాంటి హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరై ఉంటే, దాన్ని దాచి దావా వేయడం మంచిది కాదు. 'మోసం చేసి సంతకం పెట్టించారు' అని ఒక్క ముక్క రాసినా చాలదు. ఎవరు, ఎప్పుడు, ఏం చెప్పి పెట్టించారు, ఆ సంగతి మనకు ఏ రోజున తెలిసింది అన్నది తేదీలతో రాయాలి. ఆ తేదీ మీదే మూడేళ్ళ గడువు ఆధారపడుతుంది.

అంత మాత్రాన భయపడి వెనక్కి తగ్గనక్కర్లేదు. సక్రమంగా రాసిన దావాను ఈ రూలు ఏమీ చేయలేదు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిన కేసే చూడండి. భర్త పోయిన ఒకావిడ తన వాటా కోసం దావా వేసింది. పంపకాలు కాకుండానే బావమరుదుల వైపు వాళ్ళు స్థలం అమ్మేశారు. కొన్నాయన దాన్ని బ్యాంకులో తాకట్టు పెట్టాడు. బాకీ కట్టకపోవడంతో బ్యాంకు స్థలాన్ని స్వాధీనం చేసుకుంది. ఈ దావా సివిల్ కోర్టులో నడవదని కింది కోర్టు మొదట్లోనే తిరస్కరించింది. హైకోర్టు దాన్ని బతికించింది. బ్యాంకు సుప్రీంకోర్టుకు వెళ్ళినా ఆవిడ దావానే నిలిచింది. స్థలం ఎవరిదన్న ప్రశ్న సివిల్ కోర్టే తేల్చాలనీ, దావాలో అడిగిన వాటిలో ఒక్కటి నిలబడేదున్నా మొత్తం దావాను కొట్టేయకూడదనీ కోర్టు చెప్పింది.

గడువు విషయంలోనూ అంతే. కాలం దాటిపోయిందా లేదా అన్నది దావా చదివితేనే తేలిపోతే సరి. సాక్ష్యం చూస్తే గాని తేలదనుకుంటే విచారణ జరగాల్సిందే.

సమన్లు వచ్చాయా?

మొదటి మాట, వద్దని తిప్పి పంపకండి. సమన్లు తీసుకోకపోతే కేసు పోదు సరికదా, మీరు లేకుండానే తీర్పు వచ్చేస్తుంది. సమన్లతో పాటు దావా కాపీ ఉండాలి. దాన్ని మీరే ఒకసారి నిదానంగా చదవండి, తెలుగులో లేకపోతే చదివించుకోండి. ప్రతి తేదీ కిందా గీత గీయండి. తర్వాత లాయరు దగ్గరికెళ్ళి, ''దీన్ని రూల్ 11 కింద తిరస్కరించమని అడగొచ్చా?'' అని అడగండి.

ఈ అర్జీ వేశాం కదా అని జవాబు దావా వేయడం మాత్రం మానకండి. జవాబుకు మామూలు గడువు ముప్పై రోజులు. మన సినీనటి, నగరి ఎమ్మెల్యేగా గెలిచిన రోజా ఎన్నిక మీద పడ్డ పిటిషన్‌లో 2016లో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. రూల్ 11 అర్జీ వస్తే విచారణకు వెళ్ళే ముందే దాన్ని తేల్చాలంది. అలాగని జవాబు వేయని తప్పును కప్పిపుచ్చుకోవడానికి ఆ అర్జీని వాడుకోకూడదనీ అంది.

అర్జీ ఓడిపోతే కేసు ఓడినట్టు కాదు, మామూలు విచారణ సాగుతుంది. గెలిస్తే దావా అక్కడితో ఆగుతుంది. ఆ తిరస్కరణ డిక్రీతో సమానం కనుక అవతలివాళ్ళు అప్పీలుకు వెళ్ళొచ్చు. గడువు మిగిలుంటే లోపం సరిదిద్దుకుని కొత్త దావా వేసుకునే వీలు కూడా ఉంది. ఆ వీలు మనకూ ఉన్నట్టే.

లాయరు ఫీజు ఎక్కడిదని దిగులు పడకండి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం కింద మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపిస్తారు.

దావా వేసే ముందు ఇవి రాసుకోండి

* ఆస్తి ఎవరిది, ఎలా వచ్చింది? పిత్రార్జితమా, స్వార్జితమా? సర్వే నంబరు, హద్దులు.

* వంశవృక్షం. ఎవరు ఎప్పుడు పోయారు, వీలునామా ఉందా లేదా.

* మీ వాటా ఎంత, ఏ చట్టం ప్రకారం.

* ఎప్పుడు అడిగారు, ఎవరు కాదన్నారు? ఉత్తరం గానీ నోటీసు గానీ ఉందా?

* మీకు వ్యతిరేకంగా ఉన్న దస్తావేజు ఏదైనా ఉంటే, దాని సంగతి మీకు ఎప్పుడు, ఎలా తెలిసింది?

* మీరు కోరేది ఏమిటి? వాటా మాత్రమేనా, అమ్మకం మీకు చెల్లదని కూడానా?

సంతకం పెట్టే ముందు దావా మొత్తం చదివించుకుని వినండి. ''అదంతా మేం చూసుకుంటాంలెండమ్మా'' అంటే ఒప్పుకోకండి. రేపు కోర్టు చదివేది ఆ కాగితాన్నే.

ఇక మన టీచరమ్మ సంగతి. ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దినట్టే కళ్ళద్దాలు పెట్టుకుని దావా కాపీ చదివారు. అయిదో పేరాలో ఓ వాక్యం దగ్గర ఆగారు. ''2003లో మా నాన్న అడిగితే, ఆయన రిజిస్టర్ చేయనని చెప్పారు'' అని వాది తనే రాసుకున్నాడు! అమ్మకం ఒప్పందం అమలు చేయించమని అడగడానికి, తేదీ ఏదీ అనుకోకపోతే, కాదన్న సంగతి తెలిసిన నాటి నుంచి మూడేళ్ళే గడువు. అంటే 2006తోనే అయిపోయింది. గత నెల మళ్ళీ అడిగామని ఎన్నిసార్లు రాసుకున్నా పోయిన గడువు తిరిగి రాదు.

ఎర్ర పెన్నుతో ఆ వాక్యం కింద గీత గీసి, కాగితం సంచిలో పెట్టుకుని ఆవిడ లాయరు ఆఫీసుకు బయలుదేరారు. మధ్యవర్తి ఎదురొచ్చి, ''ఏమాలోచించారమ్మా?'' అన్నాడు.

''చదువుకున్నాను నాయనా'' అన్నారు టీచరమ్మ.